కింద పరిచే బరకం

మంకీ టోపీ దొరకలేదు. టార్చిలైటు దొరికింది, వెలుగుతోంది. దోమల చుట్టలు పెట్టాను. అగ్గిపెట్టెని కవరులో చుట్టి, ఆ కవరుని ఇంకో కవరులో పెట్టాను, సముద్రం పక్కన రాత్రి అగ్గిపుల్ల చెమ్మెక్కిపోతుందని మా నాన్న తలపాగా మడతలో దోపుకునేవాడు, నాకు తలపాగా లేదు కాబట్టి రెండు కవర్లు. సూరిగాడి టోపీ మాత్రం ఎక్కడ చచ్చిందో. జనవరి నెల, రెండేళ్ల పిల్లాడు, ఇసుకలో డేరాలో పడుకోవాలి, మంచు కురవదా? గోవింద్‌కి ఇవేం పట్టవు. "డేరాలున్నాయి, పరుపులున్నాయి, రంగు బల్బులున్నాయి, నువ్వు మన గుంటలిద్దర్నీ రెడీ సెయ్యు సాలు" అనేసి వేనుకి గాలి కొట్టించడానికి వెళ్లాడు. గంటలో వస్తాడట. ఈ శ్రీకాకుళంలో ఎవరింట్లో పెళ్లయినా షామియానాలు, కుర్చీలు, గుండిగలు అద్దెకిచ్చే మనిషి నా మొగుడు, ఊరందరికీ నీడ వేస్తాడు, ఇంట్లో మాత్రం ఒక తాడు కట్టమంటే ఏడాది పడుతుంది, ఇప్పుడేమో పెళ్లాం పిల్లలతో క్యాంపింగట. నరసింగరావు అని అతని స్నేహితుడు కళింగపట్నం బీచిలో, లైట్‌హౌసుకి అవతల, డేరాలు వేసి వారాంతాలకి అద్దెకిస్తాడట, గోవింద్‌కి అందులో వాటా ఉందట, మొట్టమొదట మనమే దిగాలట, ఫొటోలు తీస్తారట. "మన ఫేమిలీ ఫొటోయే బోర్డు మీద ఏస్తారే, నువ్వా నీలం సీర కట్టుకో." నీలం చీర పెట్టాను. ఇసుకలో నీలం చీరేమిటి? పెట్టాను. ఎనిమిదేళ్లలో మొదటిసారి ఎక్కడికైనా వెళ్దాం అన్నాడు, అదీ మా ఊరికే, మా అమ్మ ఉన్న ఊరికే, నా చిన్నతనమంతా పరుగులు పెట్టిన ఇసుకకే. బడిలో ఉదయం నుంచి పిల్లలకి ఎక్కాలు చెబుతున్నా నా నోరు నవ్వుతూనే ఉంది. టీచర్ల గదిలో అడిగారు కూడా, ఏటమ్మా అరుణశ్రీ, అంత సంతోషం.

లాస్య పెద్ద సంచిలో దూరి కూర్చుంది, ఆరేళ్లొచ్చినా తనని కూడా సర్దేయమంటుంది. సూరిగాడు ఓఆర్ఎస్ పొట్లాన్ని పళ్లతో చింపాడు. తుడిచాను. జ్వరం మందు, పాలపొడి, ఫ్లాస్కు, పాత తువ్వాళ్లు, పులిహోర డబ్బా, ఇంకేముంది, ఆ, బరకం. పొద్దున్న గోడౌన్ నుంచి తెచ్చి వరండాలో పడేశాడు, "డేరాలో కింద పరవడానికి పాత బరకమొకటి తెచ్చాను, గట్టిది, దులిపీసి ఎట్టు" అన్నాడు. తాడు విప్పాను. దులపడానికి రెండు కొసలూ పట్టుకుని విదిలించాను, మందం గుడ్డ, బరువు, ఒక్క విదిలింపుకి కదల్లేదు, రెండోసారికి దుమ్ము లేచింది, దుమ్ముతో పాటు ఒక వాసన లేచింది. నా చేతులు ఆగిపోయాయి. ముక్కుకి ముందు తెలిసింది. చెట్టు బెరడు ఉడికించిన నీళ్ల వాసన, వేపనూనె, ఎండిన చేప పొలుసు, వాటన్నిటి కింద ఎక్కడో బీడీ పొగ. గోడౌన్‌లో గుడ్డలకి ఈ వాసన ఉండదు, వాటికి సాంబారు వాసన ఉంటుంది, అగరొత్తుల వాసన ఉంటుంది. వరండాలో పూర్తిగా పరిచాను. కుర్చీలు జరిపినా చాలలేదు. ఒక కొస గోడకి ఎక్కింది. అది నాలుగు పలకల గుడ్డ కాదు. ఒక పక్క పొడుగు, ఒక పక్క పొట్టి. పెళ్లిళ్ల మనిషికి గుడ్డ అంటే గుడ్డే, ఎండ ఆపుతుందా, తడి ఆపుతుందా, అంతే. నేను చేపల వాళ్ల పిల్లని. ఇది బరకం కాదు. ఇది తెరచాప.

మా తీరంలో తెరచాపకి అతుకు వేయడం అంటే పేరు రాసుకోవడం. నావలు తిరిగి వచ్చే వేళకి ఆడవాళ్లు ఒడ్డున చేరి, చేతులు నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తారు, నావ కనపడదు, మనిషి అసలే కనపడడు, చాప మీది అతుకు కనపడుతుంది. ఆ ఎర్ర ముక్క ఎర్రన్నది, ఆ చారల ముక్క లక్ష్ముడిది, అని ఒక్కొక్కరూ ఊపిరి వదులుకుని తట్టలు ఎత్తుకుంటారు. మాది చిలకాకుపచ్చ. నా మొదటి ఓణీ. కట్టుకున్న మూడో రోజునే ఇస్త్రీపెట్టె మర్చిపోయి కాల్చేశాను, నడిమధ్యన త్రికోణంలాగా మాడిపోయింది, నేను ఇంటి వెనక కూర్చుని ఏడుస్తుంటే నాన్న వచ్చి ఆ ఓణీని చేతిలోకి తీసుకున్నాడు. "ఏడవకే గుంటా. కాలిన కాడికి తీసీసి మిగిలింది నాకియ్యి, సాపకి కుట్టుకుంతాను. ఒడ్డున నిలబడి సూస్తే మీ అయ్య ఎక్కడున్నాడో నీకొక్కదానికే ముందు తెలిసిపోతాది." నేనే కుట్టాను. వల దారంతో, వంకర కుట్లు. కాలిన అంచు ఒక మూల కొంచెం ఉండిపోయింది, గోధుమ రంగుగా, అది కత్తిరించడానికి కత్తెర తిరగలేదు. ఇదిగో. వరండాలో, సూరిగాడి పాలసీసా పక్కన, చిలకాకుపచ్చ వెలిసి గడ్డి రంగైంది, కుట్లు వంకరగానే ఉన్నాయి, కాలిన మూల అలాగే ఉంది. వేలు పెట్టి చూశాను. ఎందుకు చూశాను? తెలిసిపోయింది కదా.

లేదు, ఇంకేదో అయి ఉంటుంది. అమ్మ ఇచ్చి ఉంటుంది, ఇల్లు కారుతోంది కప్పించమని ఇచ్చి ఉంటుంది, తమ్ముడు ఎల్లాజీ వచ్చి... ఎల్లాజీ గుజరాత్‌లో ఉన్నాడు, వెరావల్‌లో ఎవరి బోటు మీదో, వేసవికి గానీ రాడు. పోనీ చాప ఒక్కటే వచ్చిందేమో, నావ అక్కడే ఉండి ఉంటుంది, ఇంటి వెనక, బోర్లించి, తాటాకులు కప్పి. నాన్న సముద్రం మీద పోలేదు, మంచంలో కామెర్లతో పోయాడు, ఆయన పోయిన ఏడాదే తమ్ముడు దాన్ని అమ్మేద్దాం అన్నాడు, ఇప్పుడంతా ఫైబరు బోట్లు కదా, ఈ కర్ర నావ ఎవడెక్కుతాడు అన్నాడు, నిజమే, ఎవరూ ఎక్కరు, నేను వద్దన్నాను. ఎందుకంటే చెప్పలేకపోయాను. అమ్మ లక్ష్మణమ్మ చాలా తక్కువ మాట్లాడే మనిషి, ఆ రోజు మాత్రం గట్టిగా చెప్పింది, "అరుణ నోటంట మాటొచ్చిందాకా అది కదల్దు." తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు విరిగిపడ్డాయి, మా ఇంటి పైకప్పు పోయింది, నావ పోలేదు, ఫోనులో అమ్మ మొదట చెప్పిన మాట అదే. గోవింద్ అప్పుడు నా పక్కనే ఉన్నాడు. అంతకు ముందే ఒకసారి, షాపుకి కష్టకాలం వచ్చినప్పుడు, నా మెడలోది తీసి ఇచ్చి అన్నాను, ఇది తీసుకో, చెవులవి కూడా తీసుకో, మా నాన్న నావ జోలికి మాత్రం ఎప్పుడూ వెళ్లకు. లాస్య తల మీద చెయ్యి వేశాడు. పడుకుని ఉన్న పిల్ల తల మీద. "ఒట్టు" అన్నాడు. ఆ చెయ్యి నాకు ఇప్పుడు కనపడుతోంది, ఉంగరంతో సహా.

"అది తాత నావది గదమ్మా."

సంచిలోంచి తల ఒక్కటే బయటపెట్టి అంది లాస్య. అని, రెండు చేతులతో నోరు మూసేసుకుంది. అంత చిన్న నోటికి రెండు చేతులెందుకు. నేను నవ్వాను, ఎలా నవ్వానో నాకే తెలీదు, బళ్లో పిల్లల దగ్గర నిజం రాబట్టడానికి నవ్వే నవ్వు, నా కూతురు దగ్గర నవ్వాల్సి వచ్చింది. "నీకెలా తెలుసే?" తల అడ్డంగా ఊపింది. "నాన్న సెప్పొద్దన్నాడు. సీక్రెట్టంట. నువ్వొచ్చి సూసి సర్‌ప్రైజ్ అవుతావంట." "నాకు సగం తెలుసు, మిగతా సగం నువ్వు చెప్పు." ఆలోచించింది. సగమైతే ఫర్వాలేదు అనుకున్నట్టుంది. "తాత నావని ఆ డేరాల గేటు కాడ నిలబెట్టారమ్మా, ఇలాగ, నిట్టనిలువునా. దానికి లైట్లు ఎట్టారు. మజ్జిన కోసీసి అరలు కొట్టారు, అందులో కూల్‌డ్రింకులెడతారంట. నరసింగరావు అంకులు నన్ను దాని ముందర నిలబెట్టి ఫొటో తీసాడు." మధ్యన కోసేశారు. అరలు కొట్టారు. అమ్మో, నేను వింటూనే సూరిగాడి చొక్కా మడత పెడుతున్నాను, మడత పెట్టి, విప్పి, మళ్లీ మడత పెడుతున్నాను. "నువ్వెప్పుడు వెళ్లావు తల్లీ?" "నీకు పరీక్ష పేపర్లు దిద్దే పనుంటే నాన్న నన్ను షాపుకి అట్టుకెల్లాడు గదా, ఆ ఆదోరం. లైట్లెట్టాక ఇంకో ఆదోరం కూడా."

ఆ ఆదివారం. ఆ మొదటి ఆదివారం సాయంత్రం పిల్ల సాక్సులు ఉతుకుతుంటే బకెట్ అడుగున ఇసుక. ఇంత ఇసుకేమిటి అంటే గోడౌన్ ముందు ఇసుక లారీ దింపారు అన్నాడు, ఇల్లు కట్టే ఇసుక ముతకగా ఉంటుంది, ఇది సన్నం, తెల్లటి గవ్వ ముక్కలున్నాయి, నా వేళ్లకి తెలుసు, తెలిసీ పారబోశాను. పిల్ల ఉంగరం వేలు పసుపు. ఏ గుడికి వెళ్లారు అంటే దార్లో అమ్మవారి గుడి అన్నాడు, ఎంత బాగుంది, కూతురిని గుడికి తీసుకెళ్లే తండ్రి అనుకున్నాను. ఆ వారం నుంచే అమ్మ ఫోనులో మనిషి మారిపోయింది. బాగున్నావా అంటే బాగున్నాను, తిన్నావా అంటే తిన్నాను, ఆ తర్వాత గాలి చప్పుడు. గంగమ్మ పండక్కి నేను రాలేదని అలిగింది అనుకున్నాను. "నీ ఇష్టమమ్మా, సదువుకున్నదానివి, నీకు తెలీందేటి" అంది ఒకసారి, దేని గురించో అర్థం కాలేదు, ముసలితనం అనుకున్నాను. అన్నీ అనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు మాత్రం అనుకోలేదు. పసుపు. వేలికి పసుపు. గుడిలో బొట్టు మనకి పెడతారు, మన వేలికి పసుపు ఎందుకు అంటుతుంది? మనం పెడితే అంటుతుంది. "లాస్యా, తాత నావకి నువ్వు బొట్టు పెట్టావా?" కళ్లు పెద్దవి చేసింది. "నీకు ఆ సగం కూడా తెలుసా!"

పెళ్లయిన కొత్తలో చీపురుపల్లిలో అత్తగారి మేడ మీద పడుకునేవాళ్లం, రైళ్లు వెళ్తుంటే మంచం సన్నగా వణికేది. సముద్రం ఎరగని మనిషి, అన్నీ అడిగేవాడు. నావకి కళ్లు ఎందుకు గీస్తారు? ఉప్పు నీళ్లలో దాహం ఎలా? నేను చెప్పేదాన్ని, అంతవరకు నా మాటలు అంత ఇష్టంగా ఎవరూ వినలేదు. మా ఇళ్లలో ఆడపిల్ల బొట్టు పెట్టకుండా నావ చోటు కదలదు అని చెప్పాను, కొత్త నావైనా, వేటకైనా, బాగు చేయించడానికైనా, ఆ ఇంటి ఆడపిల్ల మోకాళ్ల మీద కూర్చుని నావ ముక్కుకి పసుపు రాసి బొట్టు పెట్టాలి, అప్పుడే మగాళ్లు చెయ్యి వేస్తారు, నేను ఐదేళ్లప్పటి నుంచీ పెట్టాను, జ్వరం వస్తే నాన్న ఎత్తుకుని తీసుకెళ్లి పెట్టించేవాడు. "మరి నీకు పెళ్లైపోయింది గదా, ఇప్పుడెవరు ఎడతారు?" అని అడిగాడు. నేనే వెళ్లాలి, లేదా నేను పంపాలి, రేపు నాకు కూతురు పుడితే అది పెట్టొచ్చు అన్నాను. నవ్వుకున్నాం. ఆ రాత్రి ఇచ్చాను తాళంచెవి. జాగ్రత్తగా దాచుకున్నాడు. కూతురు పుట్టి, నడిచి, వేలితో బొట్టు పెట్టేదాకా దాచుకున్నాడు. తల మీద ఒట్టు వేసిన చేతితోనే ఆ పిల్లని ముందుకు తోశాడు. మా అమ్మని మోసం చేయడానికి దొంగ సంతకం అక్కర్లేదు, దొంగ మాట కూడా అక్కర్లేదు, నా కడుపున పుట్టిన పిల్ల చాలు.

ఫోను చేశాను. ఎంతసేపు మోగిందో.

"ఏటే."

"అమ్మా, నాన్న నావేదే?"

అమ్మ గొంతు, ఎండు కొమ్మ విరిచినట్టు. "నన్నడుగుతావేటే? నువ్వంపితేనే గదా ఎల్లింది."

"నానంపినానా?"

"మీ ఆయన గుంటనట్టుకుని వొచ్చినాడు. అరుణకి ఇస్కూలు పనంట, బొట్టెట్టమని కూతుర్నంపింది అన్నాడు. నీ కూతురు అచ్చం నీ నాగే మోకాళ్ల మీద కూకుని ఎట్టింది. ఇంకేటడుగుతాను నాను? ట్రాక్టరు మీదికి ఎక్కిస్తంటే సూడనేక తలుపేసీసుకున్నాను. సాపా తెడ్లూ కూడా ఒగ్గనేదు." ఆగింది. "నువ్వు సెప్పనేదేటే?"

"నేదమ్మా."

గాలి చప్పుడు. ఇన్ని వారాలుగా మా ఇద్దరి మధ్యా వినపడుతున్న గాలే. ఇన్ని వారాలూ ఆవిడ దృష్టిలో నేను నాన్నని కూల్‌డ్రింకుల అరగా మార్చి అమ్ముకున్న కూతుర్ని, అయినా ఒక్క మాట తిట్టలేదు, బాగున్నావా అంటే బాగున్నాను అంది. "కోసీసారంటమ్మా" అన్నాను. "ఇన్నాను" అంది. ఎలా విన్నదో చెప్పలేదు, ఊరు చిన్నది, లైట్‌హౌసు అవతల రంగు బల్బులు ఒడ్డంతా కనపడతాయి. "మాపటికి వస్తన్నామే, నానూ గుంటలూ. అన్నమొండు" అన్నాను. "ఆయనో?" అంది. ఫోను పెట్టేశాను.

ఇప్పుడు నవ్వొస్తోంది. చెప్పులు సర్దుతూ నవ్వొస్తోంది. ఎంత పకడ్బందీగా చేశాడు. అమ్మ నాతో మాట్లాడదని తెలుసు, నేను అమ్మని గుచ్చి అడగనని తెలుసు, పిల్లకి సీక్రెట్ అంటే ఇష్టమని తెలుసు. వారాంతం క్యాంపింగ్. పెళ్లాం నీలం చీరలో, పక్కన పిల్లలు, వెనక లైట్లు పెట్టిన మామగారి నావ, ఊళ్లో వాళ్లందరి ముందూ. ఫొటోలో నేను నవ్వితే ఇంక నోరెత్తేదెవరు? నేను ఒప్పుకున్నట్టే, బోర్డు మీద ఎక్కినట్టే, వచ్చిపోయే కార్లన్నీ చూసినట్టే. పులిహోర డబ్బాతో సహా నా సాక్ష్యం నా చేతే సర్దించాడు. అన్నీ తెలుసుకున్న మనిషికి ఒక్కటే తెలియలేదు, ఎందుకంటే అది నేను చెప్పలేదు. ఆ మేడ మీద అన్నీ చెప్పాను, ఆకుపచ్చ ఓణీ సంగతి చెప్పలేదు. అది నాకూ మా నాన్నకీ మధ్య మాట. మిగిలిన నావనంతా అరలు చేసుకున్నాక, ఈ పాత గుడ్డ మాత్రం పారేయడమెందుకని, షామియానా వాడి బుద్ధి కదా, ఏ గుడ్డా పారేయడు, కింద పరుచుకుందాం అని తెచ్చి నా చేతికే ఇచ్చాడు. నా పిల్లల కాళ్ల కింద పరవడానికి.

సంచులన్నీ మళ్లీ విప్పాను. నీలం చీర తీసి బీరువాలో పడేశాను. అతని చొక్కాలు, లుంగీ, గెడ్డం సామాను తీసి మంచం మీద పెట్టాను, విసరలేదు, వరసగా పెట్టాను. దేవుడి గూట్లోంచి పసుపు డబ్బా, కుంకుమ భరిణె తెచ్చి పాలపొడి పక్కన సర్దాను. నావ ఆడపిల్ల బొట్టుతో వెళ్లింది. ఆడపిల్ల బొట్టు పెడితే గానీ అక్కడి నుంచి కదలదు, సరే, పెడదాం, కోసిన చోటే పెడదాం, ఎన్ని ముక్కలుంటే అన్ని ముక్కలకీ పెడదాం, ట్రాక్టరు మా ఊళ్లోనూ ఉంది. చాపని చుట్టాను. షామియానాలాగా మడతలు వేసి కాదు, పొడుగు పక్క నుంచి పొట్టి పక్కకి, మా నాన్న చుట్టినట్టు, అతుకు పైకి వచ్చేలాగా. భుజం మీదికి ఎత్తుకున్నాను. బరువుకి వంగలేదు, నాకే ఆశ్చర్యం. సూరిగాడి మంకీ టోపీ దాని కిందే ఉంది.

హారన్ మోగింది. మెట్ల మీద అతని చెప్పులు. "ఇంకా అవనేదేటే? పొద్దు దిగిపోతే ఫొటోలు బాగోవు, నరసింగరావు కాసుకుని ఉన్నాడక్కడ" అంటూ గుమ్మంలోకి వచ్చాడు. నా భుజం చూశాడు. "ఇలాగియ్యి, బరువు, నానట్టుకుంతాను ఆ బరకం."

"ఇది మొయ్యడం నాకు తెలుసు."

మంచం వైపు చూశాడు. "నా బేగేదీ?"

"సర్దనేదు. వేను మా అమ్మింటికి తోలు. మా అమ్మ ముందర నిలబడి, నిన్ను నానెప్పుడంపినానో, ఏటని అంపినానో సెప్పు. సెప్పీసాక నీ ఇష్టం."

నేను ఒక్కటి కోరుకున్నాను, అప్పటికి కూడా. నా మొహం చూస్తాడని. తిట్టినా, బొంకినా, నా మొహం చూసి చేస్తాడని. అతని కళ్లు నా పక్క నుంచి జారి లాస్య మీదికి వెళ్లాయి. చెప్పేశావా, అన్నట్టు. ఆరేళ్ల పిల్ల, సంచి పట్టీ పట్టుకుని, నా చీర కుచ్చిళ్ల వెనక్కి తప్పుకుంది. నావ కోసినప్పుడు కూడా ఇంత కోత పడి ఉండదు.

"దాన్నలా సూడకు" అన్నాను. "అది కాదు ముందు సెప్పింది. ఇది." ఆకుపచ్చ ముక్క మీద చెయ్యి వేశాను.

"ఏటది?" అన్నాడు. నిజంగానే తెలియక అడిగాడు.

చెప్పలేదు. ఇక చెప్పను. సూరిగాడిని చంకనెత్తుకుని, టోపీ పెట్టి, గుమ్మం దాటాను. లాస్య నా కొంగు లాగింది, గొంతు బాగా తగ్గించి అడిగింది, "అమ్మా, మనం అమ్మమ్మింటికి ఎల్తన్నట్టు, ఇది కూడా సీక్రెట్టా?"

"కాదే గుంటా. ఇంక మనకి సీక్రెట్లు నేవు. ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా సెప్పు."

ఒక్క క్షణం నమ్మలేదు. నమ్మాక మెట్ల మీదే మొదలుపెట్టింది, కింద వాటా సుభద్రమ్మగారు తలుపు తీసి చూసేలాగా, వీధిలో ఇంజను ఆపకుండా ఉంచిన వేను చప్పుడు కూడా వినపడనంతగా. "మేము తాత నావ తెచ్చుకోడానికి ఎల్తన్నాం!"